అల్లుణ్ణి అడగని ఊరు

మా ఆయన జిల్లా బోర్డు మెంబరు కావడానికి కారణం ఆయన చేతిరాత. వెటకారంగా అంటున్నాననుకోకండి, ఉన్నమాటే చెబుతున్నాను. అనకాపల్లిలో ఒక ప్లీడరుగారి దగ్గర ఆయన పదేళ్లు గుమాస్తాగా చేశారు. ఆదివారం వస్తే మా అరుగు మీద చాప పరుచుకుని కూచుని, వచ్చినవాళ్లందరికీ అర్జీలు రాసిపెట్టేవారు. ఊరికి నుయ్యి కావాలన్నవాళ్లు, బడికి మేష్టరు లేడన్నవాళ్లు, రోడ్డు పక్క చింతచెట్టు విరిగి ఇంటి మీద పడిందన్నవాళ్లు, ఒకరని ఏముంది, సందు చివరిదాకా నిలబడేవారు. ఎవరి దగ్గరా ఒక్క కానీ కూడా పుచ్చుకునేవారు కాదు. పైగా వచ్చినవాళ్లందరికీ మజ్జిగ ఇవ్వడం నా వంతు. యుద్ధానికి ముందు బోర్డు ఎన్నికలు వచ్చినప్పుడు, "కాయితాలు రాసేది ఎలాగూ తమరే. అయి పుచ్చుకునే కుర్సీలో కూడా తమరే కూకోండి బాబూ" అని జనమే ఆయన్ని నిలబెట్టారు. గెలిపించారు.

ఆ రోజు నుంచి ఆయన ఇంట్లోవాళ్లకి కూడా మెంబరుగారే అయిపోయారు. నాకు కోపం వస్తే "మెంబరుగారూ, వడ్డించేశాను, తమరు దయచేస్తారా" అనేదాన్ని. ఆయనకి నవ్వు వచ్చేది కాదు.

పని మాత్రం ఒళ్లు దాచుకోకుండా చేశారు. సైకిలు మీద ఊరూరూ తిరిగేవారు. బళ్లకి కప్పులు వేయించారు, నూతులు తవ్వించారు, మశూచి టీకాలు వేసేవాణ్ణి వెంటపెట్టుకుని కొండవార పల్లెలకి నడిచి వెళ్లేవారు. ఒకసారి ఒక మేష్టరు తనకి కావలసిన ఊరికి బదిలీ అయిన సంతోషంలో ఒక బెల్లం దిమ్మ తెచ్చి మా గుమ్మంలో పెట్టి పోయాడు. అనకాపల్లిలో బెల్లం ఏమంత అపురూపం? నడుస్తుంటే చెప్పులకి అంటుకునే ఊరు మాది. అయినా ఆయన ఆ దిమ్మని సైకిలుకి కట్టుకుని ఆరు మైళ్లు తొక్కి, ఆ మేష్టరింట్లో దింపి వచ్చారు. "నన్నెవడూ వేలెత్తి చూపకూడదే" అన్నారు. "దానికి పట్టిన చీమల్ని కూడా ఇచ్చేశారా" అన్నాను. అప్పట్లో ఆ మనిషిని చూస్తే నాకు గర్వంగానే ఉండేది. అబద్ధం ఎందుకాడాలి.

ఆయనకి ఒక నియమం ఉండేది. అర్జీ లేనిదే ఏ పనీ ముట్టుకోరు. ప్లీడరు గుమాస్తా బుద్ధి ఎక్కడికి పోతుంది? ఎంత ఏడుస్తూ చెప్పినా నోటిమాట ఆయనకి గాలిమాటే. అదే మాట కాగితం మీద పెట్టి, కింద వేలిముద్ర వేసి తెస్తే, ఆ కాగితం పట్టుకుని పట్నం వెళ్లి బోర్డు మీటింగులో పెద్దవాళ్లతో పోట్లాడి వచ్చేవారు.

మా పుట్టిల్లు బుచ్చయ్యపేట వైపు. అనకాపల్లి నుంచి జట్కాలో మూడు గంటల దారి. ఊరు ఇంకా నాలుగడుగుల దూరంలో ఉందనగా ఒక గెడ్డ, అంటే కొండవాగు, దాటాలి. వేసంగిలో చూస్తే అందులో ఇసక తప్ప ఏమీ ఉండదు, మేకలు పడుకుంటాయి. కొండల్లో గట్టి వాన పడిందంటే మాత్రం రెండు రోజులూ మూడు రోజులూ మనిషి దాటలేడు. చెరుకు గానుగాడాక బెల్లం బళ్లు అనకాపల్లి వచ్చేది ఎండు రోజుల్లో కాబట్టి ఆ గెడ్డ వల్ల ఎవరి బేరమూ చెడేది కాదు. చెడితే ఏనాడో వంతెన వచ్చి ఉండేది. వానల్లో జబ్బు పడ్డవాళ్లకీ, నెలలు నిండిన ఆడవాళ్లకీ మాత్రమే అది అడ్డం. వాళ్ల మాట ఎవరికి వినిపిస్తుంది?

ఆ ఊళ్లో నాకు మిగిలినవాళ్లు మా చిన్నాన్న, మా చెల్లెలు. నా పద్నాలుగో ఏట అమ్మ పోయింది. అప్పటికి చెల్లెలికి ఏడేళ్లు. దానికి జడ వేసిందీ, పేలు తీసిందీ, అక్షరాలు దిద్దించిందీ నేనే. నాన్న పోయేముందు పసుపు కుంకుమల కింద నా పేర ఎకరన్నర పల్లం రాసి, చెల్లెల్ని ఊళ్లోనే మా మేనత్త కొడుక్కి ఇచ్చి చేశారు. మరిది మంచివాడు. మాట తక్కువ, పని ఎక్కువ. పెళ్లాన్ని నెత్తిన పెట్టుకున్నాడని ఊళ్లో ఆడవాళ్లు మూతులు తిప్పుకునేవారు.

మా వైపు ఒక ఇంటి అల్లుడంటే ఊరందరికీ అల్లుడే. మా ఆయన ఆ ఊరు వెళితే ఒకరు తాటిముంజెలు కోసుకొచ్చేవారు, ఒకరు పెరుగు ముంత తెచ్చేవారు, ముసలివాళ్లు కూడా ఆయన ముందు మంచం మీద కూచునేవారు కాదు. మొదటి ఎన్నికలకి ఓట్లు అడగడానికి వెళితే నోరు తెరవనివ్వలేదు. "అల్లుడుగారు అడగడవేటి, తప్పు తప్పు" అని చెవులు మూసుకున్నారు. అల్లుడికి పెట్టాలే తప్ప అల్లుడి చేత అడిగించుకోకూడదు, అల్లుణ్ణి అడగనూ కూడదు. ఆ మర్యాదలోనే నేను పుట్టి పెరిగాను. అది ఒకనాడు నా గొంతు కోస్తుందని అనుకోలేదు.

ఆయన మెంబరైన రెండో ఏట ఒకనాడు అన్నం పెడుతూ అడిగాను. "మా గెడ్డ మీద చిన్న వంతెన వేయించకూడదూ?"

"వేయించొచ్చు. మీ ఊరి నుంచి అర్జీ రానీ" అన్నారు.

"లోకానికంతా మీరే రాస్తారుగా. ఆ చేత్తోనే ఇదీ రాసెయ్యండి."

"నేనే రాసుకుని, నేనే పుచ్చుకుని, పెళ్లాం పుట్టింటికి వంతెన వేసుకున్నాడని అనిపించుకోమంటావా? మీవాళ్ల చేత ఒక్క కాగితం పెట్టించు. తరవాత ఎవడేమన్నా నేను సమాధానం చెప్పుకోగలను."

ఆ మాటలో తప్పేముంది అనిపించింది నాకు. ఊరు వెళ్లి మా చిన్నాన్నతో చెప్పాను. ఆయన చుట్ట నోట్లోంచి తీసి నా వైపు అలా చూశారు.

"అల్లుడికి అర్జీ ఏటమ్మా? కాళ్లు కడిగి పిల్లనిచ్చినోలం. ఇచ్చిన సేత్తో అడుక్కుంటామేటి? ఆరికి తెలీదా గెడ్డున్నట్టు? దాని మీంచేగా వచ్చి ఎల్తన్నారు. ఆరికి తోస్తే సేత్తారు, నేకపోతే నేదు. సెయ్యి సాపేవంటే మాత్రం ఊరు పరువు గెడ్డలో కలిసిపోయినట్టే."

ఇక్కడ అర్జీ లేనిదే చెయ్యనంటారు, అక్కడ అల్లుణ్ణి అడగం అంటారు. మధ్యన నేను. నాకు చదవనూ వచ్చు, రాయనూ వచ్చు. ఆ ఊళ్లో శిస్తు కట్టే భూమి నా పేర ఉంది. ఆ అర్జీ నేనే పెట్టి ఉండొచ్చు. ఆ ఆలోచన రాలేదని చెప్పను, వచ్చింది. వచ్చినప్పుడు ఒళ్లు మండింది. తాళి కట్టిన మొగుడికి మహారాజశ్రీ మెంబరుగారి సముఖానికి అని నేను రాయాలా? ఇన్నేళ్లు కాపురం చేసినదాని నోటిమాట చాలదా? చూద్దాం ఎన్నాళ్లు వెయ్యరో అని పంతం పట్టాను. పంతాల్లో మా వంశం ఎవరికీ తీసిపోదు.

యుద్ధం వచ్చింది. విశాఖపట్నం మీద బాంబులు పడ్డాక అక్కడి జనం అనకాపల్లి వచ్చి అరుగుల మీద కాపురాలు పెట్టారు. బియ్యం లేవు, కిరసనాయిలు లేదు, బట్ట లేదు. సిమెంటు అన్న మాటే వినపడేది కాదు. ఎలాగో బోర్డుకి ఒక్క వంతెనకి సరిపడా సిమెంటు దొరికింది, అది మా ఆయన చేతిలో ఉన్న ఊళ్లలో ఎక్కడ వెయ్యాలో ఆయన్నే చెప్పమన్నారు. సబ్బవరం వైపు ఒక ఊరివాళ్లు ఊరంతా వేలిముద్రలు వేసి అర్జీ తెచ్చారు. వాళ్ల పేరే చెప్పారు. ఆ సంగతి నాతో అన్నం తింటూ, ఏదో పెళ్లి ముహూర్తం చెప్పినంత మామూలుగా చెప్పారు.

"మరి మా గెడ్డ?" అన్నాను.

"అర్జీ ఏదీ?" అన్నారు.

చేతిలో గరిటె కింద పెట్టి లోపలికి వెళ్లిపోయాను. ఆ పూట ఆయనే పులుసు వడ్డించుకున్నారు.

ఆ మరుసటి యేడు వానలకి చెల్లెలు నిండు నెలల మీద ఉంది. మొదటి కానుపు కడుపులోనే పోయింది కాబట్టి ఈసారి నా దగ్గరికి తెచ్చుకుంటానన్నాను. అనకాపల్లిలో ఆస్పత్రి ఉంది, దాది ఉంది. వస్తానంది. మంచి రోజు చూసి బయల్దేరుదాం అనుకునేలోపు ముసురు పట్టింది. నాలుగు రోజులు ఆకాశం తెరిపి ఇవ్వలేదు. అయిదో రోజు పొద్దున్న మా పుట్టింటి ఊరి కుర్రాడొకడు, కల్లు గీసేవాడు, బురదతో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. గెడ్డ ఈది వచ్చానన్నాడు. రాత్రి నుంచీ నొప్పులు పడుతోందనీ, మంత్రసాని చేతులెత్తేసిందనీ, బిడ్డ అడ్డం తిరిగిందనీ చెప్పాడు.

మా ఆయన బోర్డు మీటింగుకి పట్నం వెళ్లారు. నేను ఆస్పత్రి దాదిని బతిమాలి, మా వీధిలో జట్కా సాయిబుని లేపి బయల్దేరాను. ఆ వానలో గుర్రం జారుతుంటే సాయిబు దిగి కళ్లెం పట్టుకుని నడిచాడు. "బేగి తీసుకెల్తాను తల్లీ, నువ్వు ఏడవకు" అంటూనే ఉన్నాడు. గెడ్డ ఒడ్డుకి వచ్చేసరికి మధ్యాహ్నం అయింది.

ఆ కుర్రాడు ఈదివచ్చినప్పటికంటే నీరు ఇంకా పెరిగింది, ఎర్రనీళ్లు ఒడ్డుల్ని కోసుకుంటూ పోతున్నాయి. అవతలి ఒడ్డున మావాళ్లందరూ ఉన్నారు. చెల్లెల్ని డోలీ కట్టి తెచ్చి, నేల మీద దింపి, పైన తాటాకు గిడుగులు పట్టుకుని నిలబడ్డారు. నీరు తగ్గితే దాటించేద్దామని పొద్దుటినుంచీ అక్కడే ఉన్నారట. గట్టిగా రాయి విసిరితే అందేంత దూరం. దాది ఇటు, అది అటు. నేను అరిచాను, ఆ హోరులో నా గొంతు నాకే వినపడలేదు. తాటిబొందులు కట్టి తెప్ప వేశారు. నీళ్లలో పెట్టగానే అది విడిపోయి బొందు బొందూ కొట్టుకుపోయింది. మరిది నడుముకి మోకు కట్టుకుని దిగాడు. సగం దాకా వచ్చాడు, మునిగిపోయాడు, మోకు పట్టుకున్నవాళ్లు వెనక్కి లాగేశారు. మళ్లీ దిగాడు. మళ్లీ లాగారు. మూడోసారి ఇద్దరు మగవాళ్లు అతని మీద కూచుని దిగనివ్వలేదు.

దాది నా చెయ్యి పట్టుకుని, "నేను ఈదలేనమ్మా, నాకూ పిల్లలున్నారు" అంది. ఆమెని నేనేమీ అనలేదు. అనడానికి ఏముంది?

చెల్లెలు ఒకసారి డోలీలోంచి చెయ్యి బయటికి పెట్టింది. నన్ను చూసిందో, నొప్పికే పెట్టిందో తెలియదు. నేనూ చెయ్యి ఎత్తాను. పొద్దు వాలకముందే అటువైపు ఆడవాళ్లు తలలు బాదుకోవడం కనిపించింది. అలా తెలిసింది నాకు. తల్లీ బిడ్డా ఇద్దరూ పోయారు. నేను పెంచిన పిల్ల నా కళ్ల ముందు చచ్చిపోతే నేను ఇవతల బురదలో నిలబడి చూశాను. 

మా ఆయన పట్నం నుంచి నేరుగా అక్కడికే వచ్చారు. అప్పటికి గెడ్డ తగ్గిపోయింది, మోకాలి లోతు నీళ్లలో నడిచి దాటారు. గోడకి తల ఆనించి ఏడ్చారు. అక్కడితో ఊరుకుని ఉంటే బాగుండేది. పెద్దకర్మ రోజున, చిన్నాన్నా మరిదీ వింటుండగా, "ఒక్క అర్జీ పెట్టి ఉంటే ఇంత జరిగేది కాదు" అన్నారు. మనసులో బాధకొద్దీ అన్నారని ఇప్పుడు తెలుసు. అప్పుడు నాకు ఆ మనిషి నా చెల్లెలి బూడిద మీద కూచుని తప్పొప్పులు దిద్దుతున్నట్టనిపించింది.

చిన్నాన్న తల వంచుకున్నారు. "మా తప్పే బాబూ" అన్నారు. మరిది లేచి వెళ్లిపోయాడు.

ఆరు నెలలు ఆయనతో మాట్లాడలేదు నేను. అన్నం పెట్టేదాన్ని, బట్టలు తీసి పెట్టేదాన్ని, మాట మాత్రం లేదు. ఆయన కూడా మాట్లాడించాలని చూసి చూసి మానేశారు. పోనీ, అంత జరిగాకైనా ఊరివాళ్లు అర్జీ పెట్టారా? లేదు. "ఇప్పుడడిగితే అల్లుణ్ణి ఎత్తిపొడిసినట్టుంటాది" అన్నారు మా చిన్నాన్న. ఈ మర్యాదలు తగలెయ్య. నేను మాత్రం పెట్టానా? నేనూ పెట్టలేదు. వంతెన వస్తే ఇప్పుడు ఎవరి కోసం అనుకున్నాను. మిగతా ఆడవాళ్ల కడుపులు నాకు గుర్తు రాలేదు, అదీ నిజమే.

యుద్ధం వల్ల వాయిదా మీద వాయిదా పడ్డ ఎన్నికలు చివరికి వచ్చాయి. ఆ రోజుల్లో ఒక్కో మనిషికి ఒక్కో రంగు పెట్టె. చీటీ ఇస్తారు, తడిక వెనక్కి వెళ్లి మనకి కావలసిన పెట్టెలో వెయ్యాలి. మా ఆయనది ఎర్ర పెట్టె, ఎదుటివాడిది తెల్లది. ఆ ఎదుటివాడు అనకాపల్లి బెల్లం వర్తకుడు, నోరు తప్ప మరేమీ లేని మనిషి. అతనంటే నాకు పిసరంత గౌరవం లేదు.

భూమి మా పుట్టింటి ఊళ్లో ఉంది కాబట్టి నా ఓటూ అక్కడే. శిస్తు కట్టేవాళ్లకే ఓటు గనక ఊరు మొత్తం మీద ఓటున్నవాళ్లు కొద్దిమంది. ఎర్రంటే కుంకం రంగని మావాళ్లు మురిసిపోయారు. ముందురోజే చావడిలో కూచుని, ఒక్క ఓటు కూడా పక్కకి పోకూడదని ఒట్టు పెట్టుకున్నారు. అల్లుడి పరువు ఊరి పరువు. మరిది కూడా వెళ్లి ఒట్టు వేశాడట. ఏం మనుషులు వీళ్లు, రక్తమా నీళ్లా ఒంట్లో ఉన్నది?

బడిలో తడిక వెనక్కి వెళ్లాను. ఎర్ర పెట్టె మీద ఎవరో బంతిపువ్వు కూడా పెట్టి పోయారు. అక్కడ నన్ను చూసేవాళ్లు లేరు. మనిషి మంచివాడు, పనిమంతుడు, ఒక్క కానీ కూడా పుచ్చుకోడు, ఇవన్నీ నాకు తెలుసు. అయినా నా చెయ్యి ఎర్ర పెట్టె మీదికి పోలేదు. డోలీలోంచి బయటికి వచ్చిన చెయ్యే కనిపిస్తోంది. చీటీ మడిచి తెల్ల పెట్టెలో వేశాను. వేసి బయటికి వచ్చి ఎండలో నిలబడితే, చెల్లెలు పోయాక మొదటిసారి ఊపిరి నిండా ఆడింది. ఒక్క ఓటుతో ఎవరి కొంపా మునగదని అనుకున్నాను.

మా ఆయన బాగా గెలిచారు. దండలు, మేళాలు, ఇల్లంతా జనం. ఆ రోజుల్లో పెట్టెలు ఏ ఊరివి ఆ ఊరుగా విప్పి లెక్కపెట్టేవారని నాకు తెలియదు. తాలూకా కచేరీలో మా ఊరి తెల్ల పెట్టె విప్పితే అందులో ఒక్కటంటే ఒక్క చీటీ ఉందట. పెట్టెల దగ్గర మా ఆయన తరఫున కూచున్న మనిషి ఆ మాట మా ఊళ్లో చెప్పాడు.

మూడో రోజున చిన్నాన్న వచ్చారు. గెలిచిన ఇంటికి వచ్చినట్టు రాలేదు. పైపంచె తీసి చేతిలో పట్టుకుని గుమ్మం అవతలే నిలబడ్డారు.

"మా ఊరు తలొంచుకోవలసొచ్చింది బాబూ" అన్నారు మా ఆయనతో. "ఒకడు ఒట్టు తప్పేడు. మా అమ్మి మొగుడే. పెళ్లాం పోయిన కడుపుమంట తీర్సుకున్నాడు. నువ్వేనా అనడిగితే మాటాడ్డు. కాదనడు, అవుననడు. నిప్పూ నీళ్లూ ఆపేసేం. ఆడి పొలంలోకి కూలోల్ని ఎల్లనివ్వం."

నేను లోటాతో మంచినీళ్లు పట్టుకుని ఆ ఇద్దరి మధ్యా నిలబడి ఉన్నాను. మా ఆయన నా వైపు చూశారు. చాలాసేపు చూశారు. తరవాత, "ఒక్క ఓటుకేముంది మావగారూ, వదిలెయ్యండి" అన్నారు. "తమరు పెద్ద మనసుతో అంటారు, ఊరు ఒగ్గదు" అన్నారు చిన్నాన్న.

ఆ ఓటు నాది అని నా నోటి చివర ఉంది. వీధిలో జనం, ఇంకా వాడని దండలు, గుమ్మంలో పెద్దాయన. మెంబరుగారి పెళ్లామే మెంబరుగారికి ఓటు వెయ్యలేదట అన్న మాట అనకాపల్లి అంతా పాకడం చెవుల్లో వినిపించింది. తరవాత చెబుదాం, చిన్నాన్నతో ఒక్కరితో చెబుదాం అనుకున్నాను. నీళ్ల లోటా అందించి లోపలికి వెళ్లిపోయాను.

వారం పది రోజులు ఇదిగో వెళతాను అదిగో వెళతాను అనుకుంటూనే గడిపాను. నేను వెళ్లేలోపు అతనే వచ్చాడు. మిట్టమధ్యాహ్నం, చేతిలో ఒక మూట. ఖర్గపూర్ రైలు పనికి వెళ్లిపోతున్నానన్నాడు. అన్నం తినమంటే కాదనకుండా కూచుని తిన్నాడు. ఎన్నాళ్లకి ఒకరు వడ్డిస్తే తిన్నాడో.

"నువ్వెందుకు కాదనలేదు?" అని అడిగాను. 

"నానేసింది ఎర్ర పెట్టిలోనే వదినా" అన్నాడు తల ఎత్తకుండా. "మీ సెల్లెలికి ఆ బావంటే ఎంతో ఇది. డోలీలో కూడా, బావనేటీ అనకండని సెప్పింది. దాని మాట తియ్యనేను."

"మరి ఆ సంగతే చెప్పొచ్చుగా?"

"నాను కాదంటే మరెవరని ఎతుకుతారు. ఊళ్లో దాని కోసం అంత కోపం పెట్టుకునోలు ఇంకెవరున్నారు? నువ్వే. నా ఒక్కడి పరువూ పోతే పోయింది. నీకూ నీ పెనివిటికీ మద్దెన ఎందుకని ఊరుకున్నాను." కంచంలో చెయ్యి కడుక్కుని, "నువ్వలా సేసేవని నాకు కోపం నేదు వదినా. దాని కోసం ఒకరైనా సేసేరు" అన్నాడు.

నేను అతని ముందు కూలబడి ఏడ్చాను. ఊరికి రా, అందరిముందూ చెబుతాను అన్నాను. టిక్కెట్టు కొనేశానన్నాడు. ఇద్దరు పోయిన ఇంట్లో ఎలాగూ ఉండలేకపోతున్నాను, ఇదీ ఒక సాకే అన్నాడు. రైలు కూసింది, మూట తీసుకుని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం మా ఆయన ఇంటికి రాగానే, "ఆ ఓటు నేను వేశాను" అన్నాను.

"తెలుసు" అన్నారు. "లెక్కపెట్టే రోజున ఆ చీటీ చేతికి తీసుకుని చూశాను. మందు పొట్లంలా మడిచి ఉంది. ఏ కాగితమైనా అలా మడిచేది నువ్వే."

"మరి చిన్నాన్న వచ్చిననాడు ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు చెబుతావేమోనని చూశాను" అన్నారు. ఆ పైన, "చెప్పకపోతే బాగుండునని కూడా అనుకున్నాను" అన్నారు. ఇంకొకరైతే ఆ రెండో మాట మింగేసేవారు. ఆయన మింగలేదు. అందుకే ఆ మనిషిని పూర్తిగా అసహ్యించుకోవడం నాకు చేతకాలేదు. నన్ను నేను అసహ్యించుకోవడం మాత్రం చేతనయింది.

మర్నాడు ఆయన ఒక తెల్లకాగితం, కలం తెచ్చి నా ముందు పెట్టారు.  ఫలానా ఊరి దగ్గర గెడ్డ మీద వంతెన వేయించవలసిందని ఆ ఊళ్లో భూమి గల నేను కోరుకుంటున్నాను అని రాసి సంతకం పెట్టాను. పొయ్యి మీద ఎసరు మరిగేలోపు అయిపోయింది. ఆ పనికి అంత సమయమే పడుతుందని నాకు మొదటినుంచీ తెలుసు.

రెండేళ్లకి వంతెన వచ్చింది. ఆయన మెంబరుగిరీలో అదే చివరి పని, తరవాత మరి నిలబడలేదు. వంతెన ప్రారంభానికి రమ్మంటే నేను వెళ్లలేదు. వానలు వచ్చాక వెళ్లాను. కింద ఎర్రనీళ్లు అంతే హోరుగా పోతున్నాయి. జట్కాలో కూచుని వంద లెక్కపెట్టేలోపు దాటేశాను. ఇంతేనా అనిపించింది. ఇంత చిన్నదా.

చిన్నాన్న మంచం పట్టి ఉన్నారు. పక్కన కూచుని, చెవిలో కాదు, వాకిట్లో ఉన్నవాళ్లకి కూడా వినపడేలాగే మొదలుపెట్టాను. "చిన్నాన్నా, ఆ తెల్ల పెట్టెలో ఓటు మరిదిది కాదు. నాది."

ఆయన నా మణికట్టు పట్టుకున్నారు. ఆ రోగంతో అంత బలం ఎక్కడిదో.

"ఊరుకో అమ్మా" అన్నారు. "ఆనాడే అనుమానం నాకు. ఇంటి ఆడపడుసు మొగుడికి ఎదురు తిరిగిందంటే ఈ ఊరి పిల్లల్ని రేపు ఎవరు సేసుకుంటారు? ఆడు ఎల్లిపోయేడు కదా. ఆడి మీదే ఉండనీ."

వాకిట్లోవాళ్లు విన్నారు. విననట్టే లేచి, ఒక్కొక్కరూ తమ పని మీద వెళ్లిపోయారు. తరవాత నేను ఎవరితో ఎత్తినా అదే జరిగింది. పెద్దదానివి, మెంబరుగారి భార్యవి, ఏదో జాలికొద్దీ అతని తప్పు నీ మీద వేసుకుంటున్నావు అని నన్నే మెచ్చుకున్నారు. ఖర్గపూర్‌కి మూడు ఉత్తరాలు రాశాను, ఆ పేరుగల మనిషి లేడని మూడూ తిరిగి వచ్చాయి. మా ఊళ్లో ఇప్పటికీ ఆ ఓటు అతనిదే.